కింద తడి... పైన అలజడి!

వినైల్ టైల్స్ అతికించడం ఒక్కపూట పని. అవి నాలుగు కాలాలపాటు అతుక్కుని ఉండేలా చేయడం మాత్రం అంత తేలిక కాదు. ఈ వారం మన ఇంటి ముచ్చట అదే.

కిందటేడు ఆషాఢంలో అమ్మ జారిపడింది.

ఎక్కడో కాదు, తన గదిలోనే. శుక్రవారం కదా అని బకెట్టెడు నీళ్లు పోసి చీపురుతో కడుగుతోంది. మా ఫ్లాటు గ్రౌండ్‌ఫ్లోర్‌లో ఉంది. కట్టి పాతికేళ్లు దాటింది. గదులన్నిటా నున్నగా పాలిష్ పట్టించిన తాండూరు బండలే. ఎండాకాలం వాటిమీద పడుకుంటే ప్రాణం లేచొస్తుంది. చలికాలం కాలు మోపితే జివ్వుమంటుంది. ఇక తడిస్తే... చెప్పక్కర్లేదు. అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. తమ్ముడొచ్చి తెనాలి తీసుకెళ్లాడు.

'అమ్మ తిరిగొచ్చేలోగా ఆ గది నేల మార్చేయాలి' అనుకున్నాను. బండలు పగలగొట్టించాలంటే దుమ్మూధూళీ, వారం రోజుల గొడవ. ఎవరో వినైల్ టైల్స్ సంగతి చెప్పారు. కాలికి చల్లగా తగలవు, మరీ గట్టిగా ఉండవు, పాత నేలమీదే అతికించొచ్చు. వెనక కాగితం ఊడదీసి స్టిక్కర్‌లా అంటించే రకం తెచ్చాం. దుకాణం వాళ్లు పంపిన కుర్రాళ్లిద్దరు రెండున్నర గంటల్లో గదంతా పరిచేశారు. చెక్క రంగులో మెరిసిపోతున్న నేల చూసి మా ఆయన కూడా 'భలే ఉందే' అన్నారు.

దసరా నాటికి బాత్‌రూమ్ గోడ పక్కన రెండు టైల్స్ మూలలు పైకి లేచాయి. బరువు పెట్టాం. అతుక్కున్నట్టే అతుక్కుని మళ్లీ లేచాయి. వారం తిరిగేసరికి రెండు కాస్తా తొమ్మిదయ్యాయి. గదిలో ఏదో ముక్క వాసన. ఓ రాత్రి అమ్మ మంచినీళ్లకని లేచింది. లేచి ఉన్న మూల బొటనవేలికి తగిలి ముందుకు తూలింది. మంచం కోడు చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. లేకపోతే?

అమ్మ పడకూడదని వేయించిన నేలే అమ్మను పడేయబోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

టైల్ తీసి చూస్తే...

తెల్లారి, మాకు తెలిసిన పాత మేస్త్రిని పిలిచాను. ముప్పయ్యేళ్లుగా నేలలు వేస్తున్నాడు. లేచిన టైల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని లాగితే అరటితొక్కలా వచ్చేసింది. అడుగున జిగురు తెల్లగా పాలిపోయి, ముట్టుకుంటే వేళ్లకు అంటుతోంది. కింద బండ సందుల్లో నల్లటి బూజు. అరచెయ్యి ఆనించి చూసి, 'మేడమ్, టైల్ తప్పేం లేదు. నేల చెమ్మగా ఉంది' అన్నాడు.

ఇంకో తప్పు కూడా చూపించాడు. వెలుతురుకు ఎదురుగా కూర్చుని చూడమన్నాడు. టైల్స్ మీద కింది బండల సందులు గీతలు గీతలుగా తేలి కనిపిస్తున్నాయి. వినైల్ టైల్ మందం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. పలచటి చీర కింద రవికె రంగు కనిపించినట్టు, కింద ఉన్న ప్రతి గుంటా, ప్రతి మిట్టా కొన్నాళ్లకు పైకి కనిపిస్తుంది. పైగా సందు దగ్గర టైల్‌కు కింద ఆధారం ఉండదు. అక్కడే జిగురు ముందు వదిలేస్తుంది.

కుర్రాళ్లను తిట్టుకుని ఏం లాభం? వానాకాలంలో, చెమ్మ ఉందో లేదో చూడకుండా, 'రెండ్రోజుల్లో అయిపోవాలి' అని తొందరపెట్టింది నేనే కదా.

ఇంతకీ ఏమిటీ వినైల్?

మన పైపులకు వాడే పీవీసీయే ఇది కూడా. గట్టిగా ఉండే పీవీసీకి మెత్తదనం తెచ్చే పదార్థాలు కలిపితే వంగుతుంది. ఆ కిటుకును 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో వినైల్ టైల్స్‌ను జనానికి చూపించారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక అవి ఇళ్లలోకి వచ్చాయి. అంతకుముందు ఆ స్థానం లినోలియంది. అది అవిసెనూనెతో చేసేది. ఇప్పటికీ చాలామంది వినైల్‌ను లినోలియం అనేస్తుంటారు కానీ రెండూ వేర్వేరు.

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా నాలుగు రకాలు. చుట్టలుగా వచ్చే షీట్ ఒకటి. వెనక జిగురు ఉండే స్టిక్కర్ టైల్ రెండోది. నేలకు విడిగా జిగురు రాసి అతికించే టైల్ మూడోది. ఒకదాని అంచును ఇంకోదానిలో నొక్కితే టక్కున బిగుసుకునే పలకలు నాలుగోది. ఈ ఆఖరి రకాన్ని నేలకు అతికించరు, ఊరికే పరుస్తారు. ఎండకూ వేడికీ వ్యాకోచిస్తాయి కాబట్టి గోడల వెంట ఖాళీ వదలాలి. ఎంత వదలాలో పెట్టె మీద ఉంటుంది. సాధారణంగా ఆరు నుంచి పది మిల్లీమీటర్లు. ఆ ఖాళీని పైన స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది.

కొనేటప్పుడు అందరూ చూసేది రంగు, మొత్తం మందం. అసలు అడగాల్సింది పైపొర మందం. డిజైన్ అచ్చు మీద పారదర్శకంగా ఉండే ఆ పొరే అరుగుదలను తట్టుకునేది. ఇంట్లోకి 0.3 మిల్లీమీటరు చాలు. పిల్లలు, కుక్కపిల్ల, నడక ఎక్కువున్న హాలు అయితే 0.5 మేలు. వాసన ఘాటుగా కొట్టే చవక రకం వద్దు. వాయువులు తక్కువగా వెలువడతాయని ఫ్లోర్‌స్కోర్ వంటి ధ్రువీకరణ ఉన్నవి దొరుకుతున్నాయి, అడిగి తీసుకోండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉండాలి. లేకపోతే గది మధ్యలో రంగు తేడా కొడుతుంది.

ఇంకో మాట. వినైల్ అంటే జారనిది అని అర్థం కాదు. నునుపు రకం తడిస్తే అదీ జారుతుంది. పెద్దవాళ్లున్న గదికి చేత్తో తడిమితే గరుకు తెలిసే రకం తీసుకోవాలి. జారుడు రేటింగ్ ఆర్9 నుంచి మొదలవుతుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. అమ్మ గదికి ఈసారి ఆర్10 తీసుకున్నాం. దాంతోపాటు బాత్‌రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ, మంచం పక్కన రాత్రి దీపం పెట్టించాం. నేల ఒక్కటే మనిషిని కాపాడదు కదా!

చెమ్మ చూడండిలా...

మేస్త్రి చేసిన మొదటి పని చాలా చిన్నది. రెండడుగుల చదరపు పాలిథిన్ కాగితాన్ని నేలమీద పరిచి, నాలుగువైపులా గాలి చొరబడకుండా టేపు వేశాడు. గదిలో మూడుచోట్ల అలా అంటించి 24 గంటలు వదిలేశాడు. మర్నాడు చూస్తే కిటికీ దగ్గరిదీ, గది మధ్యలోదీ పొడిగా ఉన్నాయి. బాత్‌రూమ్ గోడ పక్కనున్న కాగితం అడుగున మాత్రం మంచు పట్టినట్టు నీటిచుక్కలు! కింద బండ కూడా రంగు ముదిరింది.

పాలిథిన్ మీద కనిపించిన ఆ నీరే టైల్ కింద కూడా చేరుతుంది. వినైల్‌లోంచి ఆవిరి పైకి పోలేదు. పాత నేల అయితే చెమ్మను ఎప్పటికప్పుడు గాలికి వదిలేస్తుంటుంది కాబట్టి మనకు తెలియదు. పైన మూత పెట్టేసరికి అదంతా జిగురు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇన్నేళ్లూ కనిపించని చెమ్మ, టైల్స్ వేసిన మూడు నెలలకే బయటపడింది.

తీరా చూస్తే బాత్‌రూమ్‌లో నహానీ ట్రాప్ చుట్టూ సిమెంటు రాలిపోయి ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ కాసిని నీళ్లు గోడ అడుగునుంచి ఇటు వస్తున్నాయి. ప్లంబర్ దాన్ని బాగుచేశాడు. టైల్స్ అన్నీ తీసేశాం. ఐదు వారాలపాటు కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసి, నేలను ఆరనిచ్చాం. మధ్యలో రెండుసార్లు పాలిథిన్ పరీక్ష. రెండోసారి అన్నిచోట్లా పొడిగా వచ్చాకే మేస్త్రి సరేనన్నాడు. ఆ ఐదు వారాలూ అమ్మ హాల్లో దివాన్ మీద పడుకుంది. 'టైల్స్ వేస్తానని ఉన్న గది కూడా లేకుండా చేశావే' అని రోజుకోసారి సణిగేది.

కొత్తగా కట్టిన ఇల్లయితే ఇంకా ఓపిక కావాలి. సిమెంటు నేల 28 రోజుల్లో గట్టిపడుతుంది కానీ, లోపలి నీరు ఆరడానికి నెలలు పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం చూసుకుని పరిచేయకుండా ముందు పాలిథిన్ పరీక్ష చేసుకోండి. ఎప్పుడూ తడి ఊరే నేల అయితే, బాగుచేయించే దారి లేకపోతే, వినైల్ ఆలోచన మానుకోవడమే మంచిది. ఈ మాట ఏ దుకాణంలోనూ చెప్పరు!

చదును... శుభ్రం...

తర్వాతది మట్టం. పదడుగుల అల్యూమినియం పట్టీని నేలమీద అటూ ఇటూ ఆనించి, కింద సందు ఎక్కడుందో చూడాలి. పదడుగుల పొడవులో ఐదు మిల్లీమీటర్లు మించి తేడా ఉండకూడదు. మా గదిలో ఒక మూల దాదాపు ఒక సెంటీమీటరు దిగిపోయి ఉంది. తాండూరు బండల పాలిష్ మీద ఏదీ సరిగా పట్టదు కాబట్టి ముందు గరుకు పట్టించారు. సందులు నింపి, ప్రైమర్ కొట్టి, దానిమీద తనంతట తానే పరుచుకుని చదునయ్యే సిమెంటు మిశ్రమం పోశారు. దుకాణాల్లో సెల్ఫ్ లెవలింగ్ అని అడిగితే ఇస్తారు. గోడలకు వాడే లప్పం మాత్రం నేలకు వాడొద్దు. నడక బరువుకు పొడిపొడిగా రాలిపోతుంది.

నేల ఎత్తు పెరిగితే తలుపు తగులుతుంది. ముందే తలుపు తెరిచి మూసి చూసుకోవాలి. మాకు తలుపు అడుగున కాస్త చెక్క చిత్రిక పట్టాల్సి వచ్చింది.

ఆ పైన చీపురుతో ఒకసారి, తడిబట్టతో ఒకసారి, ఆరాక మళ్లీ చీపురుతో ఒకసారి. ఇసుకరేణువు ఒక్కటి మిగిలినా టైల్ మీద మొటిమలా తేలుతుంది. నూనె, మైనం, పాత జిగురు మరకలు అసలు ఉండకూడదు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. టైల్స్‌ను 48 గంటల ముందే పెట్టెలు తెరిచి ఆ గదిలో పెట్టాలి, నిలబెట్టకుండా పడుకోబెట్టాలి. ఎండలో ఆటోలో వచ్చిన టైల్‌కూ, గది వేడికి అలవాటుపడ్డ టైల్‌కూ కొలతలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. వందకు పైగా టైల్స్ ఒకదాని పక్కన ఒకటి చేరేసరికి ఆ తేడాలన్నీ కలిసి సందులవుతాయి. రోహిణి కార్తె ఎండల్లోనూ, ముసురు పట్టిన రోజుల్లోనూ ఈ పని పెట్టుకోకపోవడమే మేలు. మేం మార్గశిరంలో వేయించాం.

ఎన్ని టైల్స్ కొనాలి?

అమ్మ గది 11 అడుగుల 8 అంగుళాల పొడవు, 10 అడుగుల 4 అంగుళాల వెడల్పు. అంటే సుమారు 121 చదరపు అడుగులు. అడుగు చదరపు టైల్ కాబట్టి 121 కొంటే సరిపోతుంది అనుకుంటాం. కానీ గోడల పక్కన అన్నీ కోసిన ముక్కలే వస్తాయి. కోయగా మిగిలిన సన్నటి ముక్క ఇంకెక్కడా పనికిరాదు. పొడవున 12 వరసలు, అడ్డంగా 11... వెరసి 132 టైల్స్ పట్టాయి. అందుకే లెక్కకు పదిశాతం కలుపుకోమంటారు. మేం 140 కొన్నాం. కోతలో రెండు పాడయ్యాయి. ఆరు మిగిలాయి. వాటిని అటకమీద భద్రంగా దాచాను. ఎందుకో తర్వాత చెబుతాను.

గది మధ్యనుంచి మొదలు

టైల్స్‌ను గోడ దగ్గరనుంచి మొదలుపెట్టకూడదు. ఏ ఇంట్లోనూ గోడలు నిక్కచ్చిగా ఉండవు. ఎదురెదురు గోడల మధ్యబిందువులు గుర్తుపెట్టి, రంగు అద్దిన దారం బిగించి కొడితే నేలమీద గీత పడుతుంది. అలాగే రెండోవైపు. రెండు గీతలూ కలిసేచోట సరిగ్గా మూలమట్టంగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలందరికీ తెలిసిన లెక్క ఉంది. ఒక గీత మీద మూడడుగులు, ఇంకో గీత మీద నాలుగడుగులు కొలిచి గుర్తుపెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య దూరం కచ్చితంగా ఐదడుగులు రావాలి. రాకపోతే గీత జరపాలి.

జిగురు ముట్టకముందే టైల్స్‌ను గీతల వెంట ఉత్తినే పేర్చి చూడాలి. మా గదిలో వెడల్పు వైపు చిక్కొచ్చింది. మధ్యనుంచి గోడకు 5 అడుగుల 2 అంగుళాలు. ఐదు టైల్స్ పోగా అంచున రెండంగుళాల ముక్క. అంత సన్నటి ముక్క చూడ్డానికీ బాగోదు, అతుక్కునీ ఉండదు. మేస్త్రి గీతను అరటైల్, అంటే ఆరంగుళాలు పక్కకు జరిపాడు. రెండువైపులా ఎనిమిదంగుళాల ముక్కలు వచ్చాయి. గోడ పక్క ముక్క సగం టైల్‌కన్నా చిన్నదైతే ఇదే ఉపాయం.

జిగురు రాయడానికి పళ్లున్న తాపీ వాడతారు. ఎంత జిగురు పట్టాలో ఆ పళ్ల కొలతే నిర్ణయిస్తుంది. కాబట్టి జిగురు డబ్బామీద చెప్పిన కొలత తాపీనే వాడాలి. రాయగానే టైల్ పెట్టేయకూడదు. మాకు వాడిన జిగురు తెల్లగా ఉండి, కాసేపటికి పారదర్శకమైంది. వేలితో తాకితే జిగటగా తెలుస్తుంది కానీ వేలికి అంటదు. అప్పుడు పెట్టాలి. తడిమీద పెడితే టైల్ జారుతుంది, సందుల్లోంచి జిగురు పైకి ఉబుకుతుంది. టైల్‌ను గీతకు ఆనించి దించాలే తప్ప, పెట్టాక తోయకూడదు. వెనకవైపు బాణం గుర్తులుంటే అన్నీ ఒకేవైపు వచ్చేలా చూసుకోవాలి.

కోయడం పెద్ద విద్య కాదు. పదునైన కత్తితో పైవైపు రెండుమూడుసార్లు గీసి వంచితే విరుగుతుంది. గుమ్మం మూలలు, పైపుల దగ్గర ముందు అట్టతో నమూనా కత్తిరించి, దాన్ని టైల్ మీద పెట్టి కోయాలి. టైల్‌కు కాస్త వేడి తగిలిస్తే కత్తికి లొంగుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ చాలు. మిగిలిన ముక్కలను చెత్తతో కలిపి తగలబెట్టొద్దు. పీవీసీ పొగ ప్రమాదకరం.

అన్నీ పెట్టాక బరువైన రోలర్‌ను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి దొర్లించాలి. ఈ పనికి వాడేవి 45 కిలోల దాకా ఉంటాయి. అద్దెకు దొరుకుతాయి. మొదటిసారి మా ఇంట్లో కుర్రాళ్లు కాళ్లతో తొక్కి సరిపెట్టారు! తర్వాత ఒకరోజు దాకా మంచాలు, బీరువాలు లోపల పెట్టొద్దు. తడిగుడ్డ పెట్టడానికి మాత్రం జిగురు కంపెనీ చెప్పిన గడువు ఆగండి.

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక హెచ్చరిక. 1980కి ముందు అక్కడ వేసిన టైల్స్‌లో, ముఖ్యంగా తొమ్మిదంగుళాల చదరాల్లో, వాటి కింది నల్లటి జిగురులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. బేస్‌మెంట్‌లో అలాంటివి కనిపిస్తే గీకడం, పగలగొట్టడం చేయకుండా ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవాలి.

బకెట్టుకు సెలవు

అసలు యుద్ధం ఆ తర్వాత మొదలైంది. వినైల్ నేలమీద నీళ్లు పోసి కడగకూడదని మేస్త్రి చెప్పగానే అమ్మ ముఖం మాడిపోయింది.

'నీళ్లు పోయకుండా కడగడమేంటి బాబూ, ఎంగిలి చేత్తో తుడిచినట్టు?'

'అమ్మగారూ, నీళ్లు పైన ఉంటే ఏం కాదు. అంచుల్లోంచి కిందికి పోతేనే గొడవ. గుడ్డ పిండితే చుక్క కారకూడదు. అంత పొడిగా పిండి తుడవండి.'

నిజానికి ఈ నేలకు శత్రువు మురికి కాదు, ఇసుక. చెప్పులతో వచ్చిన ఇసుక పైపొరను ఉప్పుకాగితంలా గీకేస్తుంది. గుమ్మం బయట ఒక పట్టా, రోజూ మెత్తటి చీపురు... సగం పని అయిపోయినట్టే. వారానికి రెండుమూడుసార్లు గోరువెచ్చటి నీళ్లలో కాస్త మెత్తటి డిటర్జెంట్ ద్రవం కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి. సబ్బు పొర మిగిలిపోతే అదే జారుడు, అదే మురికిని పట్టేది. ఆవిరితో తుడిచే యంత్రాలు వద్దు.

చీమలు రాకుండా, మెరుపు వస్తుందని నీళ్లలో కిరోసిన్ చుక్కలు వేసి తుడిచే అలవాటు మనలో చాలామందికి ఉండేది. వినైల్‌కు అది విషమే. జిగురును మెత్తబరుస్తుంది. నల్ల ఫినాయిల్, బాత్‌రూమ్ యాసిడ్, గోళ్లరంగు తుడిచే అసిటోన్... ఇవేవీ తగలనీయొద్దు. పీచుతో, గీకుడు పొడితో రుద్దొద్దు.

మన ఇళ్లలో తప్పని మరక పసుపు. పడగానే తుడిచేస్తే పోతుంది. ఆరిపోతే వంటసోడాను నీళ్లతో ముద్దచేసి, కాసేపు ఉంచి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఏ మూలో ముందు ప్రయత్నించి చూసుకోవాలి. కొద్దిగా మిగిలినా, వెలుతురు తగిలే చోటైతే పసుపు రంగు రోజులు గడిచేకొద్దీ పలచబడుతుంది.

వేడి తగిలితే మచ్చ పడుతుంది. అది పోదు. పొయ్యి మీంచి దించిన కుక్కరు, ఇస్త్రీపెట్టె, దోమల చుట్ట, అగరొత్తి నుసి... అన్నిటికీ కింద పళ్లెం ఉండాలి. దీపారాధన పీట మీదే చేయాలి. వంటింట్లో వేయించుకునేవాళ్లు ఈ సంగతి బాగా ఆలోచించుకోవాలి.

రబ్బరు అడుగున్న పట్టాలు జారవు కదా అని వేస్తాం. ఆ రబ్బరులోని రసాయనాలు వినైల్‌లోకి ఇంకి పసుపుపచ్చ మచ్చలు తెస్తాయి. ఏం రుద్దినా పోవు. నూలు పట్టాలు, లేదా వినైల్‌కు సరిపడతాయని రాసి ఉన్నవి వాడండి. మంచం కోళ్లకు ఉన్ని బిళ్లలు అంటించండి. బీరువా కాళ్ల కింద ప్లైవుడ్ ముక్కలు పెడితే బరువు ఒక్కచోట పడి గుంట పడదు. జరిపేటప్పుడు లాగకుండా ఎత్తండి. పడమటి ఎండ నేరుగా పడే కిటికీకి తెర ఉండాలి. లేకపోతే అక్కడ రంగు వెలుస్తుంది.

ఆ ఆరు టైల్స్

ఉగాది ముందు రోజు ఇస్త్రీ చేస్తూ నేనే పెట్టె కింద పడేశాను. ఒక టైల్ కాలింది. అటకమీది టైల్స్ గుర్తొచ్చాయి. కాలిన టైల్‌ను డ్రయ్యర్‌తో వేడిచేసి, పుట్టీ బ్లేడుతో మధ్యనుంచి అంచులకు ఊడదీశాను. పక్క టైల్స్‌ను బ్లేడు తాకకుండా చూసుకోవాలి. కింద పాత జిగురు గీకి, కొత్తది రాసి, జిగట వచ్చాక కొత్త టైల్ పెట్టి, మీద పుస్తకాల దొంతర ఉంచాను. గంటన్నర పని. అదే డిజైన్ ఏడాది తర్వాత బజార్లో దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే మిగిలిన టైల్స్ పారేయొద్దు, వెనక్కి ఇచ్చేయొద్దు.

ఖర్చు సంగతి దాచడమెందుకు? టైల్స్‌కైన దానికన్నా ప్లంబర్‌కూ, నేల చదునుకూ ఎక్కువైంది. ఆ డబ్బంతా ఎవరికీ కనిపించదు. ఇంటికొచ్చిన వాళ్లు టైల్స్ చూసి 'బాగున్నాయి' అంటారు. ఒక్క అమ్మకే ఆ కింద ఏం జరిగిందో తెలుసు. ఐదు వారాలు దివాన్ మీద పడుకుంది కదా!

ఈ ఏడు వానాకాలం కూడా దాటింది. మూలలు లేవలేదు. వాసన లేదు. అమ్మ బకెట్టు వరండాలో మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోయింది. శుక్రవారం ఉదయం మాత్రం గుడ్డను రెండుచేతులా మెలిపెట్టి, విరిగి అతికిన ఆ కుడి మణికట్టుతోనే, చుక్క కారనంత గట్టిగా పిండుతుంది. తుడవడం అయ్యాక బాత్‌రూమ్ గోడ పక్కకు వెళ్లి, ఆ తొమ్మిది టైల్స్ ఉన్నచోట బొటనవేలితో ఒక్కో అంచునూ తడిమి చూస్తుంది.

'ఉందే... అతుక్కునే ఉంది' అంటుంది, నాకు వినబడేలా.